బండి ఇన్సూరెన్స్: చేతిలో మూడు కొటేషన్లు ఉన్నాయి, ఏం చూసి ఎంచుకోవాలి?

కొత్తచక్రం
అందరికీ నమస్కారం. ఇది నా మొదటి బండి (మోటార్‌సైకిల్), వచ్చే వారం చేతికొస్తుంది. ఇన్సూరెన్స్ కోసం మూడు చోట్ల కొటేషన్ తీసుకున్నాను. మొదటిది థర్డ్ పార్టీ మాత్రమే, ప్రీమియం బాగా తక్కువ. రెండోది ఫుల్ ఇన్సూరెన్స్. మూడోదీ ఫుల్ ఇన్సూరెన్సే, కానీ రెండోదానికంటే దాదాపు పాతిక శాతం తక్కువ. కంపెనీలు వేరు, పైపైన చదివితే మాత్రం రెండింట్లో రాసింది ఒకేలా ఉంది. మరి అంత తేడా ఎందుకు? అమ్మేవాళ్లని అడిగితే "అన్నీ ఒకటే, సంతకం పెట్టండి" అంటున్నారు. రెండు రోజులుగా ఇదే టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి.

పాతసర్వేయర్
తమ్ముడూ, సంతకం పెట్టకుండా ఆగి అడిగావు, మంచి పని చేశావు. వాహన ప్రమాదాల నష్టం అంచనా వేసే పనిలో చాలా ఏళ్లు ఉన్నాను. క్లెయిమ్ దగ్గర కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లలో చాలామంది అంతకుముందు పాలసీ కాగితం తెరిచి చూడలేదు.

ముందు పేర్ల సంగతి. థర్డ్ పార్టీ అంటే నీ బండి వల్ల ఎదుటి మనిషికి దెబ్బ తగిలినా, ప్రాణం పోయినా, అతని ఆస్తి పాడైనా చట్టప్రకారం నువ్వు కట్టాల్సిన పరిహారాన్ని కంపెనీ కడుతుంది. నీ బండికి, నీ ఒంటికి అందులో ఏమీ రాదు. చాలా దేశాల్లో చట్టం తప్పనిసరి చేసింది ఈ భాగాన్నే. బ్రిటన్‌లో 1930 నాటి రోడ్ ట్రాఫిక్ చట్టంతోనే ఇది వచ్చింది. ఢీకొట్టినవాడి దగ్గర డబ్బు లేకపోతే దెబ్బతిన్నవాడు దిక్కులేనివాడు కాకూడదని ఆ ఏర్పాటు. ఓన్ డ్యామేజ్ అంటే నీ బండికి జరిగే నష్టం: ప్రమాదం, మంట, దొంగతనం, చాలా పాలసీల్లో వరద, తుఫాను కూడా. ఈ రెండూ కలిపితే జనం ఫుల్ ఇన్సూరెన్స్ అంటారు. ఆ "ఫుల్" అనే మాటను మాత్రం నమ్మకు. అన్నీ కవర్ అయ్యే పాలసీని నా ఉద్యోగంలో ఒక్కటి కూడా చూడలేదు.

రెండోదానికీ మూడోదానికీ తేడా ఎక్కడుందో తెలియాలంటే మూడు చోట్ల చూడు. బండి విలువ ఎంత అని రాశారు? క్లెయిమ్‌లో నీ వాటాగా ముందు నువ్వు భరించాల్సింది ఎంత? దాన్ని కొందరు ఎక్సెస్ అంటారు, కొందరు డిడక్టిబుల్ అంటారు. ఇక చిన్న అక్షరాల్లో "వర్తించదు" అని ఏమేం రాశారు? ఇవి చూసి మళ్లీ ఇక్కడ రాయి.

లెక్కలమాస్టారు
సర్వేయర్ గారు చెప్పిన విలువ గురించి ఒక మాట. ప్రీమియం తగ్గించడానికి అమ్మేవాళ్లు వాడే సులువైన దారి బండి విలువ తక్కువ రాయడం. అసలు విలువ 100 అనుకుంటే 75 అని రాస్తారు. ప్రీమియం తగ్గగానే మనకు సంతోషం. బండి దొంగలు పట్టుకుపోతేనో, బాగుచేయడానికి వీల్లేకుండా నుజ్జయితేనో వచ్చేది ఆ 75 లోపే, అందులోంచి ఎక్సెస్ కూడా పోతుంది. 

పోనీ 120 అని రాయిద్దాం అంటే అదీ కుదరదు. మార్కెట్ విలువ ప్రకారం చెల్లించే పాలసీలో నష్టం జరిగిన రోజున బండి ఎంత చేస్తే అంతే ఇస్తారు, మిగతాదానికి ప్రీమియం దండగ. నష్టాన్ని పూడ్చడమే బీమా పని, లాభం ఇవ్వడం కాదు. పాతకాలపు అరుదైన బండ్లకు మాత్రం ముందే ఇద్దరూ ఒప్పుకున్న విలువ రాసుకునే పాలసీలు కొన్ని దేశాల్లో దొరుకుతాయి.

బండి అప్పు మీద తీసుకుంటున్నావా? అయితే టోటల్ లాస్ (బండి పూర్తిగా పోవడం) అయినప్పుడు డబ్బు ముందు అప్పిచ్చినవాళ్లకు వెళ్తుంది. కొత్త బండి విలువ మొదటి ఏడాదిలోనే బాగా పడిపోతుంది, అప్పు అంత వేగంగా తగ్గదు. బండి లేకుండా వాయిదాలు కట్టే పరిస్థితి వస్తుంది. అప్పుకూ విలువకూ మధ్య తేడాను పూడ్చే యాడ్ ఆన్ (కొంచెం ఎక్కువ ప్రీమియం కట్టి పాలసీకి కలుపుకునే కవర్) ఉంటుంది, ఆ ఒక్కదాని ధర కనుక్కో.

గ్రీజుచేతులు
నేను మెకానిక్‌ని. నా దగ్గరికి వచ్చే గొడవల్లో సగం తరుగుదల గురించే, అంటే వాడిన సామాను విలువ తగ్గిందని డబ్బు కోసేయడం. బండి కింద పడితే ముందు పోయేవి ఇండికేటర్లు, అద్దాలు, హెడ్‌లైట్ డూమ్, పక్క ప్యానెళ్లు, లివర్లు, ఫుట్‌రెస్ట్. వీటిలో ఎక్కువ భాగం ప్లాస్టిక్, రబ్బరు. కొన్ని పాలసీల్లో ప్లాస్టిక్, రబ్బరు సామాన్లకు సగం ధరే ఇస్తారు, మిగతా సగం మీరే పెట్టుకోవాలి. బిల్లు చూశాక కస్టమర్ "ఫుల్ ఇన్సూరెన్స్ కదా" అని నా మీద అరుస్తాడు. తరుగుదల తీయకుండా ఇచ్చే యాడ్ ఆన్ ఉంటే కొత్త బండికి మొదటి కొన్నేళ్లు తీసుకోండి. బండి పాతబడ్డాక ఆ యాడ్ ఆన్ ఇవ్వరు కూడా.

ఇంకొకటి. దయచేసి గుర్తుపెట్టుకోండి. నీళ్లలో మునిగిన బండిని స్టార్ట్ చేయకండి! సైలెన్సర్ నుంచో ఎయిర్ ఫిల్టర్ నుంచో నీళ్లు ఇంజిన్‌లోకి వెళ్తాయి. ఆ నీటిని పిస్టన్ నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అప్పుడు కంపెనీ ఏమంటుందంటే, వరద వల్ల వచ్చిన నష్టం వేరు, మునిగాక మీరు సెల్ఫ్ నొక్కడం వల్ల వచ్చిన నష్టం వేరు, రెండోది మాకు సంబంధం లేదు అంటుంది. సిలిండర్ హెడ్ విప్పి చూస్తే ఏది జరిగిందో తెలిసిపోతుంది. ఎంత అవసరం ఉన్నా బండిని తోసుకుంటూ రండి, లేదా ఏదైనా వాహనం మీద ఎక్కించుకు రండి.

కొత్తచక్రం
అందరికీ చాలా థాంక్స్. రాత్రి కూర్చుని చదివాను. మూడో కొటేషన్‌లో విలువ రెండోదానికంటే 15 శాతం తక్కువ రాశారు. ఎక్సెస్ రెట్టింపు. తరుగుదల యాడ్ ఆన్ లేదు. ఎందుకు చౌకో ఇప్పుడు అర్థమైంది. 

ఇంకో ప్రశ్న. వారంలో నాలుగు రోజులు సాయంత్రం డెలివరీ పని చేద్దామనుకుంటున్నాను. ఫారంలో "వాడకం" దగ్గర వాళ్లే "వ్యక్తిగతం" అని టిక్ పెట్టేశారు. మార్చమని అడిగితే ప్రీమియం పెరుగుతుందన్నారు. చెప్పకపోతే ఏమవుతుంది?

రాత్రిడెలివరీ
అన్నా, ఈ విషయం నాకు జరిగింది కాబట్టి చెబుతున్నా. రెండేళ్ల క్రితం రాత్రి పార్శిల్ ఇచ్చి వస్తుంటే వెనక నుంచి ఒక కారు తగిలింది. చెయ్యి విరగలేదు కానీ ఫోర్క్, ట్యాంకు, హ్యాండిల్ అన్నీ పోయాయి. క్లెయిమ్ పెట్టాను. ఆ సమయంలో ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తున్నారు అని అడిగారు. నిజమే చెప్పాను. వెనక బ్యాగు ఫోటోల్లో కనిపిస్తూనే ఉంది. పాలసీలో వ్యక్తిగత వాడకం అని ఉంది కాబట్టి ఇవ్వం అని ఉత్తరం వచ్చింది. తప్పు కారువాడిదే, వాడి ఇన్సూరెన్స్ నుంచి డబ్బు రావడానికి పది నెలలు పట్టింది. ఆ పది నెలలు బండి లేదు, పని లేదు. అప్పు చేశాను.

పెరిగే ప్రీమియం ఎంతో కనుక్కుని, నెల సంపాదనతో పోల్చి చూడండి. అది ఖర్చు కింద లెక్క వేసుకోవాల్సిందే. కొన్ని చోట్ల పని చేసిన గంటలకు మాత్రమే కవర్ అమ్ముతారు, మీకు దొరుకుతుందేమో అడగండి. దాచి మాత్రం నడపొద్దు.

పాతసర్వేయర్
రాత్రిడెలివరీ తమ్ముడు రాసింది చదివి మనసుకు కష్టంగా అనిపించింది. ఇలాంటి ఉత్తరాలకు ఆధారమైన రిపోర్టులు నేనూ రాశాను. రాయక తప్పేది కాదు.

బీమా ఇచ్చేవాడు మన ఇంటికొచ్చి మనం బండి ఎలా వాడుతున్నామో చూడడు. మనం చెప్పిన మాట నమ్మి ప్రీమియం ఎంతో నిర్ణయిస్తాడు. 1766లో లండన్‌లో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ ఒక బీమా కేసులో ఇదే చెప్పారు: ప్రమాదాన్ని తూచడానికి కావలసిన వివరాలు ఎక్కువగా బీమా తీసుకునేవాడికే తెలుస్తాయి, కాబట్టి అతను దాచకూడదు. ఆ కేసులో గెలిచింది మాత్రం బీమా తీసుకున్న మనిషే. కంపెనీ తనకు తెలిసిన, తెలుసుకోగలిగిన సంగతిని పట్టించుకోకుండా డబ్బు తీసుకుని తర్వాత సాకు చెప్పకూడదని అదే తీర్పులో ఉంది. నిజాయితీ రెండు వైపులా ఉండాలి. 2012లో బ్రిటన్ మామూలు వినియోగదారుల కోసం చట్టం మార్చి, అడిగిన ప్రశ్నలకు తగిన జాగ్రత్తతో నిజం చెబితే చాలు అంది. నీ దేశంలో రూలు ఎలా ఉన్నా, ఫారంలో ఇంకొకరు టిక్ పెట్టినా కింద సంతకం నీది. నింపిన ఫారం కాపీ తీసుకుని దగ్గర పెట్టుకో.

బండికి చేసిన మార్పులూ ఇంతే. వేరే సైలెన్సర్, ఇంజిన్ ట్యూనింగ్, పెద్ద చక్రాలు వేస్తే ముందే చెప్పి రాయించు. వేసిన సామాన్ల విలువ పాలసీలో చేర్చకపోతే పోయినప్పుడు వాటికి డబ్బు రాదు. రేసులు, ట్రాక్ మీద నడపడం దాదాపు అన్ని మామూలు పాలసీల్లోనూ బయటే ఉంటాయి. లైసెన్స్ లేని స్నేహితుడికి బండి ఇవ్వడం గురించి వేరే చెప్పక్కర్లేదు.

వానదారి
నేను దూర ప్రయాణాలు ఎక్కువగా చేస్తాను, ఆ వైపు నుంచి కొన్ని చెబుతాను. సరిహద్దు దాటితే పాలసీ అక్కడితో ఆగిపోవచ్చు. యూరప్‌లో చాలా దేశాలు గ్రీన్ కార్డ్ అనే పద్ధతి పెట్టుకున్నాయి, ఒక దేశం పాలసీ ఇంకో దేశంలో థర్డ్ పార్టీ మట్టుకు చెల్లేలా. ఆ ఏర్పాటు లేని చోట సరిహద్దు దగ్గరే కొత్త పాలసీ కొనాలి. న్యూజిలాండ్‌లో అయితే పద్ధతే వేరు. థర్డ్ పార్టీ పాలసీ తప్పనిసరి కాదు. 1974 నుంచి ప్రమాదంలో గాయపడినవాళ్లకు తప్పు ఎవరిదన్నది చూడకుండా ప్రభుత్వ పథకమే వైద్యం, పరిహారం ఇస్తుంది. అలాగని పాలసీ లేకుండా ఎదుటివాడి ఖరీదైన కారుకు గీత పెడితే ఎవరూ కట్టరు, అది మన జేబులోంచే. అందుకే "మా దగ్గర ఇలా" అని ఎవరైనా చెబితే ఆ రూలు ఏ దేశానిదో ముందు కనుక్కోండి.

చలికాలం బండి తీయని చోట్ల ఏడాది పొడవునా పూర్తి ప్రీమియం కట్టక్కర్లేదు. జర్మనీలో 1997 నుంచి రెండు నుంచి పదకొండు నెలలకు చెల్లే సీజన్ నంబర్ ప్లేట్లు ఉన్నాయి, పన్ను, బీమా ఆ నెలలకే. మిగతా నెలల్లో బండిని రోడ్డు మీద పార్క్ చేయడానికి కూడా వీల్లేదు.

హెల్మెట్, జాకెట్, గ్లవ్స్, బూట్లు కలిపితే చిన్న మొత్తం కాదు. పడిపోయినప్పుడు హెల్మెట్ పైకి బాగానే కనిపించినా మార్చాల్సిందే. అవి పాలసీలో ఉన్నాయేమో చూడండి. రోడ్ సైడ్ అసిస్టెన్స్ (దారిలో బండి ఆగిపోతే వచ్చే సాయం) అయితే ఇంటి నుంచి ఎంత దూరం దాటితే వస్తుందో కూడా.

కొత్తచక్రం
అక్కా, చాలా విషయాలు తెలిశాయి. నో క్లెయిమ్ బోనస్ అంటే ఏంటో కూడా ఎవరైనా చెప్పండి. దాని గురించి ఎక్కువ చెప్పి ఆశ పెడుతున్నారు.

లెక్కలమాస్టారు
క్లెయిమ్ చేయని ప్రతి ఏడాదికీ ప్రీమియంలో రాయితీ. ఇక్కడ పేరే చూడు, "నో క్లెయిమ్". తప్పు ఎవరిదని కాదు, నువ్వు క్లెయిమ్ చేశావా లేదా అన్నదే చాలా పాలసీల్లో లెక్క. నీ తప్పు లేకపోయినా, ఎదుటివాడి కంపెనీ నుంచి డబ్బు వసూలు కాకపోతే నీ రాయితీ పోవచ్చు.

ఉదాహరణకు రాయితీ మెట్లు 0, 20, 30, 40 శాతం అనుకుందాం, 40 మించి ఇవ్వరు. అసలు ప్రీమియం 100. నువ్వు 40 శాతం మెట్టు మీదున్నావు, 60 కడుతున్నావు. క్లెయిమ్ చేస్తే కిందికి జారి వచ్చే మూడేళ్లూ 100, 80, 70 కడతావు. అదనంగా పోయేది 40, 20, 10, అంటే 70. కాబట్టి ఎక్సెస్ పోగా చేతికొచ్చేది 70 కంటే తక్కువైతే ఆ క్లెయిమ్ పెట్టకపోవడమే మేలు. గీతలకు, విరిగిన అద్దాలకు క్లెయిమ్ పెట్టేవాళ్లు ఈ లెక్క వేయరు. నీ పాలసీలో మెట్లు వేరుగా ఉంటాయి, ఆ అంకెలు పెట్టి ఇలాగే వేసి చూసుకో. ఈ రాయితీ ప్రీమియంలో ఏ భాగానికి వర్తిస్తుందో కూడా చూడాలి, కొన్ని చోట్ల ఓన్ డ్యామేజ్ భాగానికే ఇస్తారు.

ఫ్రాన్స్‌లో ఇంకాస్త కఠినం. అక్కడ ప్రీమియాన్ని ఒక గుణకంతో లెక్క కడతారు, అది 1 దగ్గర మొదలవుతుంది. ప్రమాదం లేని ఏడాదికి ఆ గుణకాన్ని 0.95తో, పూర్తి తప్పు మనదైన ప్రమాదానికి 1.25తో గుణిస్తారు. 1 నుంచి 0.80కి దిగడానికి నాలుగేళ్లు పడుతుంది. 0.80ని 1.25తో గుణిస్తే మళ్లీ 1. నాలుగేళ్ల జాగ్రత్త ఒక్క ప్రమాదంతో పోతుంది.

నా అభిప్రాయం ఒకటి. బండి పదేళ్లు దాటాక ఓన్ డ్యామేజ్ మానేసి థర్డ్ పార్టీ మాత్రం ఉంచుకుంటే చాలు.

వానదారి
మాస్టారు గారూ, ఇక్కడ మీతో ఒప్పుకోలేను. నా బండికి పన్నెండేళ్లు. అమ్మితే పెద్దగా రాదు, నిజమే. కానీ అది పోతే వెంటనే ఇంకోటి కొనే డబ్బు నా దగ్గర లేదు. చూడాల్సింది బండి వయసు కాదు, అది పోతే మనం తట్టుకోగలమా అన్నది. దొంగతనం, మంట వరకు థర్డ్ పార్టీకి కలిపి ఇచ్చే పాలసీలు చాలా చోట్ల ఉంటాయి, పాత బండికి అది మంచి దారి.

లెక్కలమాస్టారు
నిజమే. నేను బండి ధర వరకే లెక్క వేశాను, మీ మాట సబబు. ఆ మధ్యరకం పాలసీ దొరికే చోట తీసుకోవడమే మంచిది.

వెనకసీటు
ఇంతసేపూ అందరూ బండి గురించే మాట్లాడుతున్నారు. రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను.

మూడేళ్ల క్రితం మా తమ్ముడి బండి వెనక కూర్చుని వెళ్తున్నాను. మలుపులో ఇసుక ఉంది, బండి జారింది. ఎదుటి వాహనం ఏదీ లేదు. బండికి ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది. బండి బాగుచేయడానికి డబ్బు మూడు వారాల్లో వచ్చింది, కొత్తదానిలా చేసి ఇచ్చారు. నా తొడ ఎముకకు రెండు ఆపరేషన్లు, ఏడు నెలలు మంచం. పైసా రాలేదు. మా పాలసీలో వెనక కూర్చునే మనిషికి కవర్ అంటే విడిగా కొనాల్సిన యాడ్ ఆన్. ఆ యాడ్ ఆన్ ప్రీమియం చూశాను, మొత్తంలో చాలా చిన్న భాగం. తమ్ముడు ఇప్పటికీ నా కళ్లలోకి చూసి మాట్లాడలేడు. వాడి తప్పేం లేదు, వాడికి ఎవరూ చెప్పలేదు.

బ్రిటన్ లాంటి చోట్ల వెనక కూర్చున్నవాళ్లు తప్పనిసరి థర్డ్ పార్టీ బీమాలోకే వస్తారు. అన్ని చోట్లా అలా లేదు. మీ పాలసీలో "వెనక కూర్చునే వ్యక్తి" అనే మాట ఎక్కడుందో వెతకండి. దొరక్కపోతే కంపెనీకి రాసి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. నడిపేవాళ్ల ఒంటికి కూడా అంతే. ప్రమాద బీమా అని పెద్దగా రాస్తారు, లోపల చదివితే కొన్నింట్లో ప్రాణం పోతేనో, శాశ్వత వైకల్యం వస్తేనో ఇస్తారు. ఆసుపత్రి బిల్లు, పని మానేసిన నెలల జీతం అందులో ఉండవు. వాటికి ఆరోగ్య బీమా వేరే ఉండాలి. ఆ ఆరోగ్య బీమాలో కూడా బండి ప్రమాదాలకు మినహాయింపు పెట్టలేదు కదా అని చూసుకోవాలి.

పాతసర్వేయర్
అమ్మా, మీరు రాసినందుకు కృతజ్ఞతలు. ఈ మాట నేనే మొదట చెప్పాల్సింది.

అమెరికాలో హ్యారీ హర్ట్ అనే ఆయన బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను స్వయంగా పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చింది. ఇంకో వాహనంతో ఢీకొన్న ప్రమాదాల్లో దాదాపు మూడింట రెండు వంతులకు కారణం ఎదుటి వాహనం నడిపేవాళ్లు దారి ఇవ్వకపోవడమే. అదే నివేదికలో ఇంకో మాట ఉంది. ఆ ప్రమాదాల్లో ఉన్న రైడర్లలో వైద్యానికో, ఆస్తి నష్టానికో ఏదో ఒక బీమా ఉన్నవాళ్లు పది శాతం కూడా లేరు. మనం ఎంత జాగ్రత్తగా నడిపినా ఎదుటివాడి పొరపాటు మన ఒంటి మీదికే వస్తుంది. ఎదుటివాడికి బీమా లేకపోయినా, గుద్ది పారిపోయినా నీకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో పాలసీ కొనే రోజే తెలుసుకో. కొన్ని దేశాల్లో దానికి నిధి ఉంది, కొన్ని చోట్ల విడిగా కవర్ అమ్ముతారు.

ప్రమాదం జరిగితే ముందు మనుషుల్ని చూడు, తర్వాత ఫోటోలు తియ్యి. బండ్లు కదపకముందు రోడ్డు మొత్తం కనిపించేలా తియ్యి. చూసినవాళ్ల ఫోన్ నంబర్లు తీసుకో. అక్కడికక్కడే "తప్పు నాదే, మొత్తం నేనే కడతాను" అని రాసి ఇవ్వకు, చాలా పాలసీల్లో అది షరతు ఉల్లంఘన. కంపెనీకి అదే రోజు చెప్పు. సర్వేయర్ చూడకముందు బండి విప్పించకు. దొంగతనం అయితే పోలీసు ఫిర్యాదు వెంటనే ఇవ్వాలి. అసలు తాళాలు అన్నీ అడుగుతారు, ఒకటి తక్కువైతే ప్రశ్నలు మొదలవుతాయి. రెండో తాళం ఎక్కడుందో ఇవాళే చూసి పెట్టుకో.

కొత్తచక్రం
ఆలస్యంగా రాస్తున్నాను, మన్నించండి. వెనకసీటు అక్క రాసింది చదివాక నిద్ర పట్టలేదు. మా చెల్లిని రోజూ కాలేజీ దగ్గర దింపేది నేనే.

ఇవాళ జరిగింది ఇది. మూడో కొటేషన్ వదిలేశాను. రెండో కంపెనీకి మెయిల్ రాసి మూడు అడిగాను: వెనక కూర్చునే వ్యక్తి, డెలివరీ వాడకం, నీళ్ల వల్ల ఇంజిన్ నష్టం. మొదటిది యాడ్ ఆన్‌గా ఇస్తామన్నారు. రెండోదానికి ప్రీమియం 18 శాతం పెరిగింది, ఫారం మార్చి పంపారు. మూడోది ఇంకో యాడ్ ఆన్. అన్నీ తీసుకుంటే నా బడ్జెట్ దాటుతోంది. ఏది వదలాలి?

గ్రీజుచేతులు
మీరు ఉండే చోట వాన నీళ్లు నిలవకపోతే ఇంజిన్‌ది వదిలేయండి. నేను చెప్పినట్టు మునిగిన బండిని స్టార్ట్ చేయకుండా ఉంటే చాలావరకు గట్టెక్కుతారు.

లెక్కలమాస్టారు
ఇంకో దారి ఉంది. నువ్వే కోరి ఎక్సెస్ కొంచెం పెంచుకుంటే ప్రీమియం తగ్గుతుంది. చిన్న చిన్న నష్టాలకు ఎలాగూ క్లెయిమ్ పెట్టవు కాబట్టి దానివల్ల పోయేది తక్కువ. కానీ ఆ మొత్తం ఎప్పుడు అడిగినా చేతిలో ఉండాలి. లేకపోతే బండి షెడ్డులో బాగై ఉన్నా తెచ్చుకోలేవు. థర్డ్ పార్టీ, మీ ఇద్దరి ఒంటికి ఉన్న కవర్ మాత్రం తగ్గించకు.

రాత్రిడెలివరీ
డెలివరీది అస్సలు వదలొద్దన్నా.

కొత్తచక్రం
ఇంజిన్ యాడ్ ఆన్ వదిలేశాను. ఎక్సెస్ ఒక మెట్టు పెంచాను. వెనక సీటు, డెలివరీ, తరుగుదల ఉంచాను. ఇప్పుడు బడ్జెట్‌లోకి వచ్చింది. ఫారం ప్రింట్ తీశాను, రేపు పొద్దున సంతకం పెట్టి ఇస్తాను. 

వెనకసీటు
చాలా సంతోషం. రైడర్ ప్రమాద బీమా కింద నామినీ అని ఒక గడి ఉంటుంది. అందులో పేరు రాశారా?

కొత్తచక్రం
ఖాళీగానే ఉంది అక్కా. ఇప్పుడే అమ్మ పేరు రాశాను.